లేచి నిలబడ్డాక బీపీ ఎంత?

20, 10, 3. అరవై దాటినవాళ్ళు ఉన్న ప్రతి ఇంటికీ ఈ మూడు అంకెలు తెలియాలి. పడుకుని లేచి నిలబడ్డాక 3 నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ, అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. తెలంగాణలోని తొర్రూరు వైపు పెద్దలు ఇదే బాధను "లేవంగనే కండ్లకు చీకట్లొచ్చినయ్" అని చెబుతారు. అరవై దాటినవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ సమస్య ఉంటుంది.

ముందు కళ్ళకే ఎందుకు?

నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. మెడలోనూ గుండె దగ్గరా ఉన్న నాడులు ఆ సంగతి పసిగట్టి, గుండె వేగం పెంచి, రక్తనాళాలను బిగిస్తాయి. వయసు మీద పడితే, షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే ఈ సర్దుబాటు ఆలస్యమవుతుంది.

కన్ను గుండెకు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. సెంటీమీటరుకు 0.77 చొప్పున 23 దాకా ఒత్తిడి ఆ ఎత్తుకే పోతుంది. బీపీ 120/80 ఉన్న మనిషికి సగటు ఒత్తిడి 93. అందులో 23 తీసేస్తే కంటి దగ్గర 70 మిగులుతుంది. కంటిలోపల కూడా ఒత్తిడి ఉంటుంది, మామూలుగా 10 నుంచి 21. అది 15 అనుకుంటే రెటీనాకు రక్తాన్ని తోసే బలం 55. నిలబడ్డప్పుడు సగటు ఒత్తిడి మరో 20 పడిపోతే ఆ బలం 35కి దిగుతుంది. నిలబడ్డప్పుడు మెదడు చుట్టూ ఇంత ఒత్తిడి ఉండదు. అందుకే స్పృహ తప్పేలోపే చూపు మసకబారుతుంది.

నీటికాసులు ఉంటే?

నీటికాసులు, అంటే గ్లాకోమా ఉండి కంటి ఒత్తిడి 25 అయితే, పై లెక్కలో మిగిలేది 25 మాత్రమే. కంటి నరానికి రక్తసరఫరా తక్కువగా ఉండటానికీ గ్లాకోమాకూ సంబంధం ఉందని అనేక పరిశోధనలు చెబుతున్నాయి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి చేసిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో, నగరంలో 40 దాటినవాళ్ళలో 2.56 శాతం మందికి ఓపెన్ యాంగిల్ గ్లాకోమా ఉన్నట్టు తేలింది. గ్లాకోమా బయటపడ్డవాళ్ళలో అంతకుముందే ఆ సంగతి తెలిసి చికిత్స పొందుతున్నవాళ్ళు 7.4 శాతమే.

2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు రాష్ట్రమంతటా పెద్దలకు అద్దాలు అందించింది. చదవలేని అక్షరానికి అద్దాలు చాలు. లేవగానే కమ్మే చీకటి మాత్రం అద్దాలతో పోదు. దానికి బీపీ చూడాలి. చూపు తక్కువైనవాళ్ళకు అడుగు నిలదొక్కుకోవడమే కష్టం, దానికి బీపీ పడిపోవడం తోడైతే కింద పడే ప్రమాదం పెరుగుతుంది. ప్రపంచంలో ఏటా సుమారు 6.84 లక్షల మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. వారిలో పెద్దవాళ్ళే ఎక్కువ.

మందులూ చూడాలి

బీపీ మాత్రలు, నీరు పోయించే మాత్రలు, ప్రోస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్ నిలబడ్డప్పుడు బీపీ తగ్గించగలవు. టామ్సులోసిన్ వాడేవాళ్ళు శుక్లం ఆపరేషన్‌కు ముందు ఆ సంగతి కంటి వైద్యుడికి తప్పక చెప్పాలి. గ్లాకోమాకు వేసే టిమోలాల్ చుక్కలు ముక్కు దారిన రక్తంలోకి చేరి నాడిని నెమ్మదింపజేస్తాయి. చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటే ఆ చేరిక తగ్గుతుంది. అయితే ఏ మందునూ సొంతంగా ఆపకూడదు.

ఇంట్లో చేయగలిగినవి

మంచం దిగేముందు ఒక నిమిషం అంచున కూర్చుని పాదాలు ఆడించండి. ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో నీళ్ళు తక్కువ కాకుండా చూసుకోండి. గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవాళ్ళు ఎన్ని నీళ్ళు తాగాలో వైద్యుడినే అడగాలి. రాత్రి బాత్రూమ్ దారిలో లైటు వెలగనివ్వండి.

మీ అమ్మానాన్నలను బీపీ పరీక్షకు తీసుకెళ్ళినప్పుడు కూర్చోబెట్టి చూసిన అంకెతోనే తిరిగి రాకండి. 5 నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్ళీ చూడమని అడగండి. ఆ మూడు అంకెలు కాగితం మీద రాయించుకుని కంటి వైద్యుడికి కూడా చూపించండి.