తెర మీది మనిషి మన దిక్కు తిరిగితే

సినిమా అంటే మనకు ఒక లెక్క ఉంది. చీకట్లో కూసుంటం. హీరో కొడితే ఈలలేస్తం, తల్లి ఏడిస్తే మనమూ ఏడుస్తం. తెర మీదోళ్లు మాత్రం మనల్ని చూడరు. మనం అక్కడ లేనట్టే వాళ్ల కథ నడుస్తది. ఆ లెక్కను కావాలని చెడగొట్టిన డైరెక్టరు ఒకాయన ఉండె. బెంగాలీ ఆయన, పేరు మృణాల్ సేన్. 1923లో పుట్టి 2018లో పోయిండు.

కలకత్తాలో ఆయన తీసిన ‘ఇంటర్వ్యూ’ 1971 నాటిది. ఒక పిల్లగానికి మంచి నౌకరి దొరికేటట్టు ఉంటది. కాని సూటు వేసుకొనే పోవాలె. ఉన్న సూటు లాండ్రీలో చిక్కింది, లాండ్రీవాళ్లు సమ్మెలో ఉన్నరు. అడిగి తెచ్చుకున్న సూటు బస్సులో పోయింది. చివరికి ధోవతి మీదనే పోతడు. నౌకరి రాదు.

నడుమ ట్రాములో ఆ పిల్లగాడు సీదా మన దిక్కు తిరుగుతడు. నేను హీరోను కాదు, నా అసలు పేరు రంజిత్ మల్లిక్, కెమెరా నా ఎనక పడ్డది అని చెప్తడు. ఆఖరికి కోపం పట్టలేక దుకాణం అద్దం పగలగొట్టి, బొమ్మకు తొడిగిన సూటు చింపేస్తడు. గుడ్డను చూసి మనిషి విలువ కట్టుడు ఎట్లుంటదో బట్ట నేసిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

తెలుగులో ఆయన తీసింది ఒక్కటే, 1977లో ‘ఒక ఊరి కథ’. ప్రేమ్‌చంద్ రాసిన ‘కఫన్’ దానికి మూలం. కఫన్ అంటే శవం మీద కప్పే గుడ్డ. ఇందులో వెంకయ్య పని చెయ్యడు. మనం చేస్తే దొర కడుపే నిండుతదంటడు. కొడుకుదీ అదే దారి. కోడలు నీలమ్మ ఒళ్లు వంచి చేస్తది, కానుపు నొప్పులతోని చచ్చిపోతది.

జీవితమంతా షిఫ్టులు చేసినోళ్లకు వెంకయ్య మాట సూది లెక్క గుచ్చుతది. సోమరిపోతు అని తిట్టబుద్ధయితది. కాని చేసినోళ్ల ఇండ్లు ఎందుకు నిండలేదంటే జవాబు చెప్పనీకి నోరు రాదు. నీలమ్మ చేసింది కదా, ఆమెకు ఏం మిగిలింది? అట్లని వెంకయ్య మంచోడని డైరెక్టరు చెప్పడు. కోడలు చస్తుంటే పట్టించుకోని మనిషి వాడు. ఎవని పక్కన నిలబడాలో తేల్చేది మనమే.

ఇసుంటి సినిమాతోని కాలక్షేపం కాదు. అయినా పిల్లలను పక్కన కూసోబెట్టుకొని ఒక ఆదివారం చూడండి. వెంకయ్యది తప్పా, రైటా అని అడగండి. వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి.