రక్తనాళములకు సడలింపు నిచ్చు వాయువు

కోలారు బంగారు గనుల రాతిపట్టె దక్షిణమున కుప్పమునకు చేరువనున్న చిగురుగుంట వరకు సాగియున్నది. 2001లో కోలారు గనులు మూతపడునంతవరకు చిత్తూరు సీమనుండి అచ్చటికి కూలికి పోయిన తెలుగువారు అనేకులు. గనులలో రాతిని బ్రద్దలు కొట్టిన డైనమైటునకు ప్రాణము నైట్రోగ్లిసరిన్. గుండెనొప్పి వచ్చినవారు నాలుక క్రింద ఉంచుకొను మాత్రయందును అదే పదార్థము, గ్రాములో రెండువేలవ వంతు మాత్రము, ఉండును. కొండను పేల్చునది గుండెకు ఎట్లు ఉపశమనము కలిగించును? దాదాపు నూరేండ్లు వైద్యులు ఆ మందు నిచ్చిరే గాని కారణ మెరుగరు. డైనమైటును కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కే అవసానదశలో వైద్యులు దీనిని వాడుమనిరి. ఇది విధి వైచిత్ర్యమని ఆయనయే వ్రాసెను.

1977లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఫెరిద్ మురాద్, ఈ మందునుండి నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువు వెలువడి రక్తనాళపు కండరమును సడలించునని చూపెను. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ మరియొక వింత కనుగొనెను. కుందేలు రక్తనాళపు లోపలి పలుచని పొరను గీకివేసినచో, దానిని సడలింపవలసిన మందు పనిచేయుట లేదు. కావున ఆ పొరయే ఏదో సందేశము పంపుచున్నదని ఆయన ఊహించెను. ఆ సందేశము నైట్రిక్ ఆక్సైడే యని 1986లో ఆయనయు లూయీ ఇగ్నారోయు వేర్వేరుగా ప్రతిపాదించిరి. 1987లో ఇంగ్లండున మొంకాడా బృందము కొలిచి చూపినది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి లభించినది. (శస్త్రచికిత్సలో మత్తు నిచ్చు నవ్వించు వాయువు వేరు, అది నైట్రస్ ఆక్సైడ్.)

ఈ వాయువు కొన్ని క్షణములే జీవించును. అర్జినిన్ అను అమైనో ఆమ్లమునుండి లోపలి పొర దీనిని తయారుచేయును. రక్తప్రవాహపు ఒరిపిడి పెరిగిన కొలది ఉత్పత్తియు పెరుగును. వేగముగా నడచినపుడు నాళములు విచ్చుకొనుటకు ఇది యొక కారణము. అంతియే గాక, రక్తఫలకములు గోడకు అంటుకొని గడ్డకట్టకుండ కాపాడును. పొగత్రాగుట, మధుమేహము, రక్తపుపోటు, అధిక కొలెస్టరాలు ఈ పొరను చెరచును. పుట్టిన వాయువును సైతము పుట్టిన చోటనే హరించును. అప్పుడు నాళము బిగుసుకొనును, గోడలో క్రొవ్వు పేరుకొనును. మొదట రోగికి ఏమియు తెలియదు. ఇదియే ఇందలి ప్రమాదము.

మదనపల్లె ఆరోగ్యవరము క్షయవైద్యమునకు పేరెన్నిక గన్నది. క్షయక్రిమితో పోరుటకును రక్షకకణములు ఈ వాయువునే వాడునని ఎలుకలపై ప్రయోగములు తెలుపుచున్నవి. అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

తోటకూర, పాలకూర, బీట్‌రూటు మొదలగు వానిలో నైట్రేటులు మెండు. నాలుకపై నివసించు సూక్ష్మజీవులు వానిని నైట్రైటులుగా మార్చగా, శరీరము వానినుండి ఈ వాయువును కొంత పొందును. రాగిసంగటిలోనికి ఆకుకూర పప్పు వండుకొను ఇల్లాలు మంచి పనియే చేయుచున్నది. అయితే అంగడిలో అర్జినిన్ పొడి కొని తినుట తెలివి గాదు. గుండెపోటు వచ్చినవారికి దాని నిచ్చి చూచిన ఒక అమెరికా పరిశోధన 2006లో వెలువడినది. మేలు కనబడలేదు, మందు తీసుకొన్నవారిలో మరణములు సంభవించుటచే దానిని నడుమనే ఆపివేసిరి.

డైనమైటు కార్ఖానాలలో కూలీలకు ఆదివారపు సెలవు గడచి సోమవారము పనిలోనికి రాగానే తలనొప్పి వచ్చెడిది. వారము గడచిన కొలది తగ్గెడిది. శరీరము మందునకు అలవాటుపడుటయే దీనికి హేతువు. అందుచేతనే ఈ జాతి మందులను దీర్ఘకాలము వాడువారికి వైద్యులు దినములో కొన్ని గంటలు విరామము విధింతురు.

ఇంట నైట్రోగ్లిసరిన్ మాత్ర యున్నవారు దానిని వచ్చిన గాజుసీసాలోనే, వెలుతురు సోకకుండ ఉంచవలెను. కూర్చుండియే నాలుక క్రింద పెట్టుకొనవలెను. రక్తపుపోటు దిగి తల తిరుగవచ్చును. ఐదు నిమిషములలో నొప్పి తగ్గనిచో, పుంగనూరు ప్రక్క పల్లెయైనను, అర్ధరాత్రమైనను, 108కు కబురంపుటకు సంకోచింపరాదు. పురుషత్వలోపమునకు వాడు సిల్డెనాఫిల్ వంటి మాత్రలు ఈ వాయువు పంపిన సందేశమునే ఆరకుండ నిలుపును. కావున రెండును కలిసినచో రక్తపుపోటు ప్రాణాపాయకరముగా పడిపోవును. సిగ్గుచే ఈ సంగతిని డాక్టరుగారికి చెప్పక దాచువారు కలరు, అట్లు దాచరాదు.