ఖాకీ వెనక భయం

పోలీసులు మానసిక వైద్యం చేయించుకోకపోవడానికి నామోషీయే కారణమని చాలామంది అనుకుంటారు. నామోషీ ఉంది, కాదనలేం. కానీ దానికి మించి, ఉద్యోగ భయం ఉంది. సిక్ లీవు పెడితే మెడికల్ సర్టిఫికెట్ పై అధికారి టేబుల్ మీదకు వెళ్తుంది. అందులో డిప్రెషన్ అని రాసి ఉంటే స్టేషనంతా తెలుస్తుందేమో, ఆయుధం తీసేసుకుంటారేమో, ప్రమోషన్ ఆగిపోతుందేమో అని కానిస్టేబుల్ లెక్కలు వేసుకుంటాడు. ఈ భయం ఉత్తిది కాదు. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, డిప్రెషన్‌లకు చికిత్స పొందుతున్న ఒక సీఆర్‌పీఎఫ్ అధికారిపై 2010లో శాఖాపరమైన విచారణ మొదలైంది. మానసిక వైకల్యం ఉన్నవారిపై అలా చర్యకు దిగడం పరోక్ష వివక్షేనని సుప్రీంకోర్టు తేల్చి చెప్పేసరికి 2021 డిసెంబరు వచ్చింది. ఆ పదకొండేళ్లు చూసిన తోటి ఉద్యోగి తన జబ్బు సంగతి పైకి చెబుతాడా?

తుపాకీ పట్టుకునే మనిషి ఆరోగ్యం గురించి పై అధికారికి తెలియకపోతే ఎలా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీన్ని ముందే ఆలోచించింది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటూనే, ఇతరులకు హాని జరిగే ప్రమాదం ఉంటే అవసరమైన మేరకు చెప్పవచ్చని మినహాయింపు ఇచ్చింది. సుప్రీంకోర్టు కూడా ఆ సీఆర్‌పీఎఫ్ అధికారికి ఆయుధాలతో పనిలేని బాధ్యతలు ఇవ్వవచ్చని చెప్పింది. అసలు ప్రమాదం దాపరికంలోనే ఉంది: చికిత్స లేని మనిషి చేతిలోనే తుపాకీ ఉండిపోతుంది.

అసలు జబ్బు డ్యూటీలోనే ఉందనీ, కౌన్సెలింగ్‌తో ఏమవుతుందనీ మరికొందరంటారు. అందులో చాలా నిజముంది. పోలీసులు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నారని 2019లో కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థల సర్వే తేల్చింది. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది వీక్లీ ఆఫ్ ప్రకటించింది. ఖాళీలు భర్తీ చేయకుండా, బందోబస్తులు తగ్గకుండా అలాంటి సెలవు నిలబడదు. అయినా పనిగంటలు తగ్గేదాకా వైద్యం ఆగాలనడం సబబు కాదు. 2022లో మొదలైన టెలీమానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరుకు డిపార్ట్‌మెంట్‌తో సంబంధం లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే మొదటి మాట అక్కడ చెప్పుకోవడం తేలిక. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాలంటే మాత్రం సెలవు కావాలి. ఆ సెలవు కాగితంపై రోగం పేరు రాయాలని అడగకూడదు. ఎన్నాళ్లు విశ్రాంతి కావాలి, తిరిగొచ్చాక ఏ డ్యూటీ చేయగలరు అన్న రెండు విషయాలుంటే పై అధికారికి చాలు.