వాషింగ్ మెషిన్ మొరాయిస్తే... మెకానిక్‌ను పిలిచే ముందు చూడవలసినవి

తొట్టి నిండా నీళ్లు, అందులో నానుతున్న బట్టలు, తెరపై అర్థం కాని రెండు అక్షరాలు. వాషింగ్ మెషిన్ ఆగిపోయినప్పుడు చాలా ఇళ్లలో కనిపించే దృశ్యమిది. వెంటనే మెకానిక్‌కు ఫోన్ వెళుతుంది. అతడు వచ్చి, కింది మూత విప్పి, లోపల ఇరుక్కున్న రూపాయి బిళ్లను బయటికి తీసి, విజిటింగ్ చార్జీ తీసుకుని వెళ్లిన సందర్భాలు తక్కువేమీ కాదు. ఒకప్పుడు బండి లాగనని నిలబడిపోయిన ఎద్దుకు వాడిన 'మొరాయించడం' అనే మాట ఇప్పుడు యంత్రాలకూ చెల్లుతోంది. ఎద్దు విషయంలో లాగానే ఇక్కడ కూడా కారణం తరచుగా చిన్నదే.

అయితే నీరు, విద్యుత్తు ఒకేచోట కలిసే యంత్రమిది. ఏ భాగాన్ని ముట్టుకోవాలన్నా ముందు ప్లగ్‌ను సాకెట్ నుంచి పూర్తిగా లాగివేయాలి. స్విచ్ ఆపితే సరిపోదు. వైరింగ్ తారుమారైన సాకెట్‌లో స్విచ్ ఆపినా ఫేజ్ తీగలో విద్యుత్తు అలాగే ఉంటుంది. మెషిన్ రేకును తాకినప్పుడు వేళ్లు జివ్వుమంటే అది ఇంట్లో సరిచేసుకునే లోపం కాదు. ఎర్తింగ్ లేకపోవడమో, లోపల ఎక్కడో విద్యుత్తు లీకవడమో జరుగుతోందని అర్థం. ఎలక్ట్రీషియన్ చూసేవరకు దాన్ని వాడకూడదు. సాకెట్‌లో పట్టడం లేదని ప్లగ్ మూడో పిన్నును తీసేసే అలవాటు ఇంకా అక్కడక్కడ ఉంది. చెప్పులు వేసుకుంటే చాలునన్న ధీమా కూడా ఉంది. రెండూ ప్రాణాంతకమైనవే. మీటరు బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, విద్యుత్తు భూమిలోకి లీకయిన క్షణాల్లోనే సరఫరా తెగిపోతుంది.

ఇక లోపాల సంగతి. మెషిన్‌లోకి నీరు రాకపోతే మొదట కుళాయిని, తరువాత ఇన్‌లెట్ గొట్టం మెషిన్‌కు తగిలే చోట ఉండే చిన్న జల్లెడను చూడాలి. బోరు నీళ్లలోని ఇసుక, తుప్పు అక్కడే పేరుకుంటాయి. కుళాయి కట్టి, గొట్టం విప్పి, జల్లెడను ప్లయర్‌తో మెల్లగా లాగి పాత టూత్‌బ్రష్‌తో కడిగితే చాలు. జల్లెడ శుభ్రంగా ఉన్నా నీరు సన్నగా వస్తుంటే లోపం ఇంటిదే కావచ్చు. నీటి మట్టం కుళాయికి 10 మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 1 బార్ పీడనం వస్తుంది. మోడల్‌ను బట్టి మారినా, కనీసం 0.3 నుంచి 0.5 బార్ కోరే మెషిన్లు సాధారణం. డాబా మీది ట్యాంకుకు సరిగ్గా కింద ఉండే చివరి అంతస్తు ఫ్లాట్‌లో ఆ ఎత్తు రెండు మీటర్లే ఉంటే దక్కేది 0.2 బార్. అక్కడ వాల్వు ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. ట్యాంకును ఎత్తులో పెట్టాలి, లేదా ప్రెషర్ పంపు అమర్చుకోవాలి.

నీరు బయటికి పోకపోవడం అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది. ఫ్రంట్ లోడ్ మెషిన్లలో ముందు వైపు అడుగున చిన్న తలుపు, దాని వెనుక పంపు ఫిల్టరు ఉంటాయి. వేడినీటితో ఉతికి ఉంటే చల్లారేవరకు ఆగాలి. పక్కనే సన్నని గొట్టం ఉంటే దాని ద్వారా, లేకపోతే కింద పళ్లెం పెట్టి, నీటిని కొద్దికొద్దిగా వంపిన తరువాతే ఫిల్టరును ఎడమవైపు తిప్పి తీయాలి. చిల్లర, పిన్నీసులు, చొక్కా గుండీలు, పసిపిల్లల సాక్సులు అక్కడ దొరుకుతాయి. తిరిగి బిగించేటప్పుడు మర సరిగా కూర్చోకపోతే తరువాతి ఉతుకులో గదంతా నీళ్లే.

డ్రెయిన్ గొట్టం ఎత్తు గురించి చాలామంది పట్టించుకోరు. పంపు ఉన్న ఫ్రంట్ లోడ్ మెషిన్లలో గొట్టం చివర సాధారణంగా నేలకు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. నేల మీద పడేస్తే సైఫన్ ఏర్పడి, ఒకవైపు నీరు నిండుతుండగానే మరోవైపు జారిపోతుంటుంది. సెమీ ఆటోమేటిక్‌లోనూ, పంపు లేని టాప్ లోడ్ మెషిన్లలోనూ పద్ధతి దీనికి విరుద్ధం. నీరు వాలును బట్టే పోవాలి కాబట్టి గొట్టం కిందికే ఉండాలి. గడప ఎక్కించి బయటికి తీస్తే తొట్టి ఖాళీ కాదు.

స్పిన్ తిరగకపోతే ముందుగా నీరంతా పోయిందో లేదో, మూత సరిగా పడిందో లేదో చూడాలి. ఒక్క బరువైన దుప్పటి మాత్రమే వేస్తే బరువు ఒకవైపు చేరి మెషిన్ తనంతట తానే ఆగుతుంది. మరో రెండు తువ్వాళ్లు కలిపితే తిరుగుతుంది. ఫ్రంట్ లోడ్ తలుపు ఉతుకు ముగిసిన ఒకటి రెండు నిమిషాలకు గాని తెరుచుకోదు. ఈలోగా బలంగా లాగితే లాక్ విరిగి, లేని ఖర్చు వచ్చిపడుతుంది. కొత్త మెషిన్ ఎగిరెగిరి పడుతుంటే రవాణా కోసం వెనుక బిగించిన బోల్టులు తీశారో లేదో చూసుకోవాలి.

సెమీ ఆటోమేటిక్‌లో మోటారు 'గూం'మంటూ తిరగకపోతే సాధారణంగా అనుమానించవలసింది కెపాసిటర్‌ను. చవకైన భాగమే అయినా, ప్లగ్ తీసిన తరువాత కూడా అందులో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అనుభవం లేనివారు ఇక్కడ ఆగిపోవడమే మేలు. మార్చేవారు పాతదాని మీద ఉన్న మైక్రోఫారడ్ విలువే కొత్తదానికీ ఉండేలా చూడాలి.

పుస్తకాలు కఠినజలం అనే దానిని జనం ఉప్పునీళ్లు అంటారు. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, ప్రత్యామ్నాయం లేనిచోట 600 వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణం చెబుతోంది. అలాంటి నీళ్లలో నురుగు రాదని పొడి మరింత వేస్తే అది డ్రమ్ము వెనుక పిండిలా పేరుకుని వాసన కొడుతుంది. హీటరు మీద తెల్లని పొర కడుతుంది. బట్టలు లేకుండా, సుమారు 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి వేడినీటితో అప్పుడప్పుడు నడిపితే ఆ పొర కరుగుతుంది. దానితో బ్లీచింగ్ మాత్రం కలపరాదు. విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

బోర్డు, మోటారు, బేరింగుల పనిని నిపుణులకే వదలాలి. వారంటీ ఉండగా వెనుక రేకు విప్పితే ఆ హక్కు పోయే ప్రమాదం ఉంది. మరమ్మతు సమాచారం వినియోగదారులకు అందించేందుకు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న 'రైట్ టు రిపేర్' పోర్టల్‌ను ప్రారంభించింది. గృహోపకరణాలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. సేవలో లోపం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుకు ఆధారం రసీదే. అందుకే ఏ భాగం మార్చారో, దాని ధర ఎంతో, కూలి ఎంతో విడివిడిగా రాయించుకుని, తీసేసిన పాత భాగాన్ని కూడా అడిగి తీసుకోవాలి.