పేరు చూశావ్ సరే... పని చూశావా?

రాత్రి రెండింటికి మైండ్‌స్పేస్ దగ్గర రోడ్లు ఖాళీ. లోపల నా స్క్రీన్ మీద మాత్రం ట్రాఫిక్ జామే! వేల కంప్యూటర్ల నుంచి అలర్ట్‌లు వస్తూనే ఉంటాయి. వాటిలో ఏది ఉత్త బెదిరింపో, ఏది నిజంగా ముంచేదో తేల్చడమే నా ఉద్యోగం.

చేరిన కొత్తలో ఓ అలర్ట్‌ మీద 'యాడ్‌వేర్' అని కనిపించింది. యాడ్స్ చూపించే చిల్లర ప్రోగ్రామే కదా అని 'లో' కేటగిరీలో పడేసి టీకి వెళ్లా. తిరిగొచ్చేసరికి ఆ కంప్యూటర్ పక్క మెషీన్ల 445 పోర్ట్ తలుపు తడుతోంది. మా సీనియర్ అక్క వెంటనే దాన్ని నెట్‌వర్క్ నుంచి తప్పించి, ఒక్క మాటే అడిగింది: "పేరు చూశావ్ సరే, పని చూశావా?"

ఫైళ్లు పంచుకోవడానికి విండోస్ వాడే దారే ఈ 445. 2017 మే 12న 'వానాక్రై' పాకింది ఈ దారిలోనే. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు, ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి తనే దూకేసేది. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్ల బిట్‌కాయిన్లు అడిగేది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ, టీటీడీ కంప్యూటర్లకూ ఆ సెగ తగిలింది. అసలు బాధేంటంటే, ఆ కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది. చాలామంది వేసుకోలేదు, అంతే.

అందుకే ఇప్పుడు నా లెక్క వేరు. యాంటీవైరస్ పట్టి పక్కన పెట్టిన ఫైల్ బుట్టలో పాము. రాసిపెట్టుకుంటే చాలు. ఏదో తెలియని సర్వర్‌కి పదే పదే కబురు పంపుతోందంటే, అది ఇంట్లో తిరుగుతున్న పాము. పక్క మెషీన్లకు పాకినా, ఫైళ్లకు తాళాలు వేసినా అందరినీ నిద్ర లేపాల్సిందే.

ఇదే లెక్క మీ ఫోన్‌కీ పనికొస్తుంది. వాట్సాప్‌లో 'ట్రాఫిక్ చలాన్' పేరుతో ఏపీకే ఫైల్ వస్తుంది. పేరు చలానే. మరి దానికి మీ ఎస్సెమ్మెస్‌లు చదివే పర్మిషన్ ఎందుకు? ఓటీపీ కోసం! పొరపాటున ఇన్‌స్టాల్ చేస్తే ముందు నెట్ ఆపేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.

అన్నట్టు, మూడు రోజులుగా 'తర్వాత గుర్తు చెయ్' అని తోసేస్తున్న ఆ అప్‌డేట్ సంగతి కూడా ఈ రాత్రికి చూడండి.