ఉద్యోగభారము ఎవరి గుండెపై?

ఉద్యోగములో పైకెక్కినకొలది చింత పెరుగుననియు, గుండెజబ్బు పెద్ద అధికారులకే వచ్చుననియు చాలమంది తలచెదరు. 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్రేడీ ప్రకటించిన ప్రయోగము ఈ నమ్మకమునకు బలము చేకూర్చెను. ఆయన నాలుగు జతల కోతులను కుర్చీలలో బంధించి, వాటికి విద్యుత్తు తాకునట్లు ఏర్పాటు చేసెను. జతలో ఒక కోతి మీట మాత్రమే పనిచేయును. అది వేళకు మీట నొక్కినచో రెండింటికిని తాకిడి తప్పును. రెండవది చేయగలిగినదేమియు లేదు. కొన్ని వారములలో మీట నొక్కిన ‘అధికారి’ కోతులు కడుపులో పుండ్లు పుట్టి చచ్చెను. తక్కినవాటికి పుండ్లు లేవు.

అయితే ఇందొక లొసుగు కలదు. చీట్లు వేసి ఎంచుటకు మారుగా, మొదటి పరీక్షలో మీటను ఎక్కువ చురుకుగా నొక్కిన కోతులనే అధికారులను చేసిరి. అవి స్వభావముచేతనే ఉద్రేకము కలవి కావచ్చును గదా! 1971లో జే వైస్ ఎలుకలను ఏ ఎంపికయు లేక విభజించి పరీక్షింపగా ఫలితము తారుమారయ్యెను. చక్రము త్రిప్పి తాకిడిని ఆపగల ఎలుకలకు పుండ్లు తక్కువ. అంతే తాకిడి పొందుచు, నిస్సహాయముగా నున్నవాటికి ఎక్కువ.

మనుష్యుల మాట చూతము. లండనులో 1967లో ఆరంభమైన వైట్‌హాల్ పరిశీలనలో 17,530 మంది ప్రభుత్వోద్యోగులను ఏడున్నర ఏండ్లు గమనించిరి. బంట్రోతులు మున్నగు అట్టడుగు తరగతివారిలో హృద్రోగమరణములు ఉన్నతాధికారులలోకంటె 3.6 రెట్లుండెను. పొగత్రాగుట, రక్తపుపోటు మొదలగువాటిని లెక్కలోనికి తీసికొన్నను తేడాలో పెద్దభాగము మిగిలియే యుండెను. అందరును పురుషులే యగుటచే 1985లో స్త్రీలను గూడ చేర్చుకొని రెండవ పరిశీలన మొదలుపెట్టిరి. తమ పనిపై తమకు అధికారము తక్కువగా నున్నవారికి గుండెజబ్బు ఎక్కువని 1997లో తేలెను.

దేహములో జరుగునదేమి? భయము కలిగినపుడు అధివృక్కగ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను ద్రవ్యములను విడుచును. గుండె వడిగా కొట్టుకొనును. రక్తములో చక్కెర హెచ్చును. కుక్క వెంటబడినపుడు ఇది మేలే, పరుగెత్తి బయటపడుదుము. పై అధికారి ఎప్పుడేమనునో యని దినమంతయు బల్లవద్ద కూర్చున్నవాడు పరుగెత్తలేడు. ఏండ్ల తరబడి ఇట్లే జరిగినచో రక్తనాళములు చెడును. అట్టివానికి కార్యాలయమువారు ధ్యానము నేర్పించుట మంచిదే కాని, దానివలన మీట అతని చేతికి అందదు.

పని బరువు ఒక్కటే కీడు చేయదనియు, బరువు హెచ్చి నిర్ణయించు స్వేచ్ఛ తగ్గినచోటనే హాని మిక్కుటమనియు 1979లో రాబర్ట్ కారసెక్ ప్రతిపాదించెను. ఈ లెక్కన శస్త్రవైద్యునికంటె, యంత్రము నడచు వేగమునకు చేతులు కదపవలసిన కార్మికుడు ఎక్కువ అపాయములో నున్నాడు.