ఒంటరి పరుగుకు రీటేకు లేదు!

సినిమాలో హీరోగారు రోడ్డు మీద పరిగెత్తుతుంటే మనకు భయం వెయ్యదు. ఎందుకు వెయ్యాలి? ముందు జీపులో కెమెరామేన్ ఉంటాడు. పక్కన మెగాఫోన్ పట్టుకుని అసిస్టెంటు డైరెక్టరు ఉంటాడు. జనం రాకుండా అటూ ఇటూ తాళ్లు కడతారు. ఎదురుగా దూసుకొచ్చే లారీ కూడా కంపెనీవాళ్లదే! పడితే లేపడానికి పదిమంది. బాగా పడకపోతే ''వన్ మోర్!''

2024 అక్టోబరులో, చాగలమర్రి దగ్గర హైవే పక్కన, తెల్లవారుజామున అయిదు గంటలకు నేను పడ్డప్పుడు మాత్రం వీళ్లలో ఒక్కరూ లేరు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. సినిమా వార్తలు రాసుకుని బతికే ఫ్రీలాన్సు విలేఖరిని. ముప్పై అయిదు దాటాయి. ప్రెస్‌మీట్లలో మొహమాటానికి తిన్న బిరియానీలన్నీ పొట్టగా మారాయి. ఆ ఏడు కొన్ని నెలలు చాగలమర్రిలో మా అక్కగారింట్లో ఉండవలసి వచ్చింది. ఊరికి తూర్పున దూరంగా నల్లమల కొండలు, చుట్టూ వరిపొలాలు, మధ్యలోంచి కర్నూలు నించి కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి. పొట్ట తగ్గించుకోడానికి ఇంతకంటే మంచి లొకేషన్ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

అన్నట్టు, సీమలో పరుగు అనగానే మీ కళ్ల ముందు ఏం కదులుతుందో నాకు తెలుసు. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర' వచ్చాక మన దర్శకులకు ఆళ్లగడ్డ తాలూకా అంటే సుమోల వరస, వెనక దుమ్ము, ముందు ప్రాణాలరచేత పట్టుకుని పరిగెత్తేవాడు. నిజానికి చాగలమర్రిలో పొద్దున్నే పరిగెత్తేవాళ్ల వెనక సుమోలూ లేవు, వేటకొడవళ్లూ లేవు. ముందు 1600 మీటర్లున్నాయి. అంతే!

కానిస్టేబులు ఉద్యోగానికి ఆ 1600 మీటర్లను మగపిల్లలు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు పదిన్నర నిమిషాల్లో పరిగెత్తాలి. అగ్నివీర్‌కు పోవాలంటే మరీ కష్టం. అదే దూరం అయిదు నిమిషాల ముప్పై సెకన్లలో ముగిస్తేనే పూర్తి మార్కులు. అందుకని ఊళ్లో కోడి కూయకముందే బూట్ల చప్పుడు వినిపిస్తుంది. ఆ పిల్లలను చూసి నాకూ పౌరుషం వచ్చింది. కాని వాళ్లు నలుగురైదుగురు కలిసి స్కూలు గ్రౌండులో తిరుగుతారు. నేనో? హైదరాబాదు నించి వచ్చిన పెద్దమనిషిని గదా... ఒంటరిగా హైవే ఎక్కాను.

ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజు నేను చెయ్యని తప్పంటూ లేదు. నల్ల టీషర్టు. నల్ల ప్యాంటు. చెవుల్లో ఇళయరాజా. లారీలు వెనకనించి వచ్చే ఎడమ వైపున పరుగు. జేబులో పేరూ ఊరూ తెలిపే కాగితం ముక్క లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గది తలుపు దగ్గరగా వేసి వచ్చానేమో, నేనింకా నిద్రపోతున్నాననే అనుకున్నారంతా. సర్వీసు రోడ్డు అయిపోయింది. వెనక్కు తిరగవలసింది, చరణం మంచి పట్టులో ఉంది. ఇంకో నూరు గజాలు పోదామనుకున్నాను.

ఒక లారీని ఎడమ పక్కనించి దాటబోయింది టమోటా బుట్టల మినీవ్యాను. దాని అద్దం నా మోచేతికి తగిలింది. తగిలిందన్న సంగతి కూడా కింద పడ్డాకే తెలిసింది. వ్యాను ఆగలేదు. అసలు ఆ డ్రైవరు నన్ను చూశాడో లేదో కూడా నాకు అనుమానమే. కాలువలాంటి గుంతలో వెల్లకిలా పడి ఉన్నాను. ఫోను ఎక్కడో గడ్డిలో పడి పాడుతూనే ఉంది. చెవిలోంచి ఊడిన తీగకు మాత్రం ఏమీ కాలేదు!

చాలాసేపటికి గొర్రెలు తోలుకుపోయే ఒక పెద్దాయన కనిపించాడు. దగ్గరకొచ్చి, కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. ''ఏం సామీ, తాగినావా?'' అన్నాడు మొదట. కాదన్నాను. ఫోను వెతికిచ్చి, ''నేను చేస్తే నన్ను స్టేషన్‌కు తిప్పుతారు గదా'' అని సంకోచించాడు. పాపం, ఆయన భయం ఆయనది. కాని 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అని ఒక సెక్షన్ చేర్చారు. ప్రమాదంలో పడినవాణ్ణి ఆదుకున్న మనిషిని వేధించకూడదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఈ సంగతి మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు? ఆ పెద్దాయనకు తెలియదు. తెలియకపోయినా, నేను ఎడమచేత్తో 108 నొక్కుతుంటే తలపాగా విప్పి నా తల కింద పెట్టి బండి వచ్చేదాకా కదల్లేదు.

చెయ్యి విరిగింది. ఆరు వారాలు కట్టు.

కట్టుతో ఖాళీగా కూర్చున్నవాడికి టీకొట్టే దిక్కు. హైవే పక్క బంకులో ఒక లారీ డ్రైవరు పరిచయమయ్యాడు. నా కథ విని నవ్వాడు. నవ్వి, ''తప్పు మాది కాదనడంలేదన్నా. కాని ఒక మాట ఇను. తెల్లారుజామున మూడు నించి అయిదు దాకా మా కండ్లు మావి గావు. ఎదురు బండి లైటు కొడితే రెండు సెకన్లు ఏం కనపడదు. నువ్వేమో నల్లగుడ్డలు ఏసుకుని వస్తివి. యాడ చూడల్ల నిన్ను?'' అన్నాడు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. రెండు సెకన్లంటే 44 మీటర్లు. అంత దూరం ఆ మనిషి గుడ్డివాడే! వెనకనించి వస్తే మనమూ గుడ్డివాళ్లమే. చెవుల్లో పాట పెట్టుకుంటే చెవిటివాళ్లం కూడా. మన దేశంలో బళ్లు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి కాలినడకన పోయేవాడు కుడి అంచున ఉండాలి, ఎదురొచ్చే బండి మొహం చూస్తూ. అప్పుడు కనీసం పక్కకు దూకే అవకాశమైనా ఉంటుంది. నాలుగు వరసల మెయిన్ రోడ్డు జోలికి అసలు పోనేకూడదు. సర్వీసు రోడ్డయినా నమ్మడానికి లేదు. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, మిగతా సగంలో మోటారు సైకిళ్లు లైట్లు లేకుండా రాంగురూటులో వస్తాయి.

ఇదంతా కుర్రకారుకు, పొట్టలున్నవాళ్లకు. అసలు కథ మా మేనకోడలిది.

అమ్మాయి డిగ్రీ అయ్యింది. 2022లో నోటిఫికేషన్ ఇచ్చిన కానిస్టేబులు ఉద్యోగాలకు ప్రిలిమ్స్ పాసై, దేహదారుఢ్య పరీక్షల కోసం ఎదురు చూస్తోంది. డిసెంబరు చివర్లో పెడతారని తెలిసింది. నా చెయ్యి విరిగిన మర్నాడే మా అక్క తీర్పు చెప్పేసింది. ''మగోడికే ఈ గతి పడితే ఆడపిల్లను చీకట్లో ఎట్ల పంపేది? పరుగూ వద్దు, ఉద్యోగమూ వద్దు.'' ఆ పిల్ల నా వంక చూసిన చూపు... సినిమాలో అయితే దానికి వీణ వాయించేవాళ్లు.

''నీ వల్లే మామా!'' అంది తర్వాత, నేనొక్కణ్ణే ఉన్నప్పుడు. జవాబేముంది?

ఇక్కడ మీకు 'అశ్విని' సినిమా గుర్తు చెయ్యాలి. 1991లో ఉషాకిరణ్ మూవీస్ పతాకం మీద రామోజీరావుగారు నిర్మించగా మౌళి దర్శకత్వం వహించారు. పి.టి.ఉషనే ఓడించిన స్ప్రింటర్ అశ్వినీ నాచప్ప స్వయంగా హీరోయిన్. నేను చిన్నప్పుడు టీవీలో చూశాను. పరిగెత్తే అమ్మాయి హీరోయిన్‌గా తెలుగు సినిమా రావడమే అబ్బురం. అందులో ఆమెకు భానుచందర్ కోచ్. మా చాగలమర్రి అమ్మాయికి కోచ్ ఎక్కడ? స్టాప్‌వాచ్ పట్టుకుని వెనక నిలబడే మనిషి ఒక్కడుంటే చాలు, సగం భయాలు దగ్గరికే రావు. ఆ మనిషిని నేనే కావాలని నిశ్చయించుకున్నాను. ఎలాగూ చెయ్యి కట్టులో ఉంది, వేరే పనీ లేదు!

అక్కతో మూడు రోజులు రాయబారం. చివరికి షరతులు కుదిరాయి. చీకట్లో వద్దు, వెలుగు రేఖ పడ్డాకే. హైవే వద్దు, స్కూలు గ్రౌండే. ఇంకో ఇద్దరు ఆడపిల్లలను కలుపుకోవాలి. ఏ దారిన పోయేది, ఎన్నింటికి తిరిగొచ్చేది చెప్పి పోవాలి. గంట దాటితే బావ స్కూటరు తీస్తాడు. పిల్ల ఫోనులో తనెక్కడుందో తల్లి ఫోనులో కనబడేలా పెట్టాను. మా అక్క మొదట్లో ఆ మ్యాపులో కదిలే చుక్కను సీరియల్ చూసినంత శ్రద్ధగా చూసేది. రాష్ట్రంలో 2020లో వచ్చిన దిశ యాప్ స్థానంలో 2025 మార్చిలో శక్తి యాప్ వచ్చింది. ఇప్పుడు అదీ ఉంది. ఏ యాప్ లేకపోయినా 112 అందరికీ గుర్తుండే అంకె.

ఒక విషయం మాత్రం నాకు కోపం తెప్పించింది. గ్రౌండు గోడ మీద రోజూ ముగ్గురు పోకిరీలు కూర్చుని సినిమా డైలాగులు విసిరేవాళ్లు. అవన్నీ మన సినిమాల్లోవే. హీరో హీరోయిన్ వెంట పడేటప్పుడు చెబితే హాల్లో మనం ఈలలు వేసినవే. వాటి గురించి ఎన్నో సమీక్షలు రాసినవాణ్ణి నేను, ఒక్కసారైనా తప్పుపట్టానా అంటే గుర్తు రావడంలేదు. పిల్ల దారి మార్చుకోవాలా, వాళ్లు గోడ దిగాలా? మా బావ నలుగురు పెద్దమనుషులను తీసుకుని పోయి కూర్చున్నాడు. గోడ ఖాళీ అయింది. కాని ప్రతి పిల్లకూ అలాంటి బావ ఉండడు గదా. అందుకే అమ్మాయి రోజూ ఒకే టైముకు, ఒకే దారిన పోకుండా మార్చుకుంటోంది.

కుక్కల సంగతి అందరికీ తెలిసిందే. తరిమితే పరిగెత్తకూడదు, ఆగి, కళ్లలోకి చూడకుండా మెల్లగా వెనక్కు నడవాలి. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. పసుపూ కారమూ పూయడం వద్దు. కాలవగట్ల మీద పరిగెత్తేవాళ్లకు పాముల భయముంది. చీకట్లో టార్చి లేకుండా గట్టెక్కకండి. కాటు వేస్తే కొయ్యడం, కట్టడం మాని కదలకుండా ఆస్పత్రి చేరాలి. కొండల వైపు పోయేవాళ్లకు చెప్పేదొకటే: 2024లోనే నంద్యాల-గిద్దలూరు దారిలో పచ్చర్ల దగ్గర చిరుతపులి ఒక మహిళను పొట్టన పెట్టుకుంది. ఇక ఎండంటారా, నంద్యాల ప్రాంతంలో వేసవిలో 45 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఏప్రిల్, మేలలో ఎనిమిది దాటాక పరిగెత్తేవాడు వీరుడు కాదు. తల తిరిగితే, చలి పుడితే అక్కడే ఆగి నీడ పట్టాలి.

2025 జూలైలో పేపరులో ఒక వార్త చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఫౌజాసింగ్ పోయాడు. ఎనభై తొమ్మిదేళ్లకు మారథాన్ మొదలుపెట్టి, 2011లో నూరేళ్ల వయసులో టొరంటో మారథాన్ పూర్తిచేసిన మహానుభావుడు. 114 ఏళ్లు బతికి, జలంధర్ దగ్గర సొంతూళ్లో హైవే దాటుతుంటే కారు గుద్ది చనిపోయాడు. వయసు చంపలేకపోయిన మనిషి! నాకు మోచెయ్యి సలిపింది.

అన్నట్టు మా అమ్మాయి ఫలితం చెప్పలేదు గదూ. 1600 మీటర్లు టైములోపలే పూర్తిచేసి దేహదారుఢ్యం పాసయింది. 2025 జూన్‌లో జరిగిన రాతపరీక్షలో కొద్దిలో పోయింది. వారం రోజులు ఎవరితో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పొద్దున నేను లేచేసరికి బూట్లు కట్టుకుంటోంది.

''యాడికి?'' అన్నాను.

''గ్రౌండుకు. ఏడింటికల్లా వస్తా. అమ్మకు చెప్పినా. నువ్వు నల్ల టీషర్టు ఇప్పి తెల్లది ఏసుకుని రా మామా!'' అంది.